ఐదు పక్కన ఏడు

అక్టోబర్ 4, 2003, శనివారం

వ్యాన్ పని అయిపోయింది. నాలుగు శనివారాలు పట్టింది. కార్బురేటర్ మొత్తం విప్పి, ఒక్కో ముక్కా మందులో నానబెట్టి, కొత్త గాస్కెట్లు వేసి బిగించాను. ప్లగ్గులు కొత్తవి. డిస్ట్రిబ్యూటర్ మూత కొత్తది. ప్లగ్ వైర్లు మాత్రం మా గ్యారేజ్ ఓనర్ నజీబ్ షెల్ఫ్‌లో పడి ఉన్న పాత సెట్టు. తుడిస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నాలు గ్యారేజ్ తాళం నా చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు నజీబ్. ఇంకే వర్కర్‌కీ అలా ఇవ్వడు.

మేం హాలు అద్దెకి తీసుకునే అమెరికన్ చర్చ్ వాళ్ళు ఈ వ్యాన్ మాకు ఉత్తినే ఇచ్చేశారు. ఎనభై నాలుగు మోడల్. నాకంటే ఒక్క ఏడాది చిన్నది. కార్లు లేని పెద్దవాళ్ళనీ, యూనివర్సిటీ స్టూడెంట్లనీ ఆదివారం తీసుకురావడానికి పనికొస్తుందని తీసుకున్నారు.

మా తెలుగు చర్చ్‌లో మగాళ్ళు దాదాపు అందరూ ఇంజనీర్లే. ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పెద్ద పెద్ద పనులు. ఇంజిన్‌లో చెయ్యి పెట్టేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పదకొండో క్లాసులో స్కూల్ మానేసినప్పటి నుంచి నేను ఎదురుగా నిలబడ్డా అమ్మనే పలకరిస్తారు. రేపు చూస్తారు.

రేపు పాస్టర్ గారు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారట. అందుకని వైర్లు పొందిగ్గా సర్దాను. ఎనిమిదింటికీ తెల్ల టేపు మీద నంబర్లు రాసి అంటించాను. ఒకటీ మూడూ, ఐదూ ఏడూ, అలా పక్కపక్క వాటిని జంటలు చేసి, మూడేసి చోట్ల నల్ల ప్లాస్టిక్ టైలతో బిగించాను. జెనిఫర్ జడలాగ ఉన్నాయి. తనకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

ఈ వ్యాన్‌లో ఇంజిన్ డ్రైవర్ సీటుకీ పక్క సీటుకీ మధ్యలో, లోపలే ఉంటుంది. పైన పెద్ద మూత. ఆ మూత తీసి పెట్టాను. పాస్టర్ గారు నూనె సీసా తీసి వేలితో ఒక చుక్క పెట్టబోతుంటే నోరు ఊరుకోలేదు.

"ఇంజిన్‌కి నూనె నిన్ననే పోశాను పాస్టర్ గారూ."

అందరూ నవ్వారు. పాస్టర్ గారు కూడా. "నువ్వు పోసింది నడవడానికి. ఇది తిరిగి రావడానికి" అన్నారు.

పాపయ్య అంకుల్ మైకులో "మన మెకానిక్ కాలేబ్" అన్నాడు. చర్చ్ సెక్రటరీ ఆయన. కంపెనీలో ఫ్యూయల్ ఇంజెక్షన్ డిపార్ట్‌మెంట్. నా పేరు ఆయనకి తెలుసని ఇవాళే తెలిసింది. అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను. చూడనట్టు ఉన్నాను.

తాళాలు దైవాశీర్వాదం అంకుల్‌కి ఇచ్చారు. జెనిఫర్ వాళ్ళ తాతయ్య. అరవై ఆరేళ్ళు. చీరాల డిపోలో ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపాడు. ఇక్కడికొచ్చాక మూడోసారికి లైసెన్స్ వచ్చింది. స్వెట్టర్ కింద ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. జేబురుమాలుతో స్టీరింగ్ తుడిచి, గ్యాస్ పెడల్ రెండుసార్లు తొక్కి, ఒక్క క్షణం ఆగి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. కార్బురేటర్ బండి చల్లగా ఉన్నప్పుడు అలాగే స్టార్ట్ చెయ్యాలి. నేను చెప్పలేదు. ఆయనకే తెలుసు.

ప్రార్థన చేస్తుండగా జెనిఫర్ ఫోటో తీసింది. ప్రింట్ వేయించి ఇస్తానంది.

అక్టోబర్ 12, ఆదివారం

పేలింది.

ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద. తుపాకీ పేలినట్టు ఒక్కటే దెబ్బ, మూత కిందనుంచి. వెనక కూర్చున్న ఆంటీలు అందరూ ఒక్కసారే "స్తోత్రం!" అన్నారు. కృష్ణవేణి ఆంటీ చేతిలో పులిహోర గిన్నె ఉంది. అది దైవాశీర్వాదం అంకుల్ వీపు మీద పడింది.

అంకుల్ బండి పక్కకి తీసి ఆపాడు. "ఏం కాలేదమ్మా. దగ్గింది అంతే" అన్నాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలుగానే నడిచింది. ఇంటిదాకా ఇంకేం లేదు.

కొత్తగా విప్పి బిగించిన బండి. సర్దుకుంటుంది.

అక్టోబర్ 14

జెనిఫర్ ఫోటో ఇచ్చింది. ఇక్కడే అంటించాను, కుడివైపు పేజీలో. పాస్టర్ గారి చెయ్యి, దాని కింద నా పని. బాగా వచ్చింది.

నజీబ్‌కి పేలుడు సంగతి చెప్పాను. ఒక్కటే అడిగాడు. "పైకి దగ్గిందా, వెనక పొగగొట్టంలో పేలిందా?"

పైకి అన్నాను.

"వెనక పేలితే కాలని పెట్రోలు. పైకి దగ్గితే రెండే కారణాలు హబీబీ. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనా అయి ఉండాలి. నిప్పు తప్పు టైములో పడైనా ఉండాలి."

గాలి సంగతి చూశాను. బండి ఐడిల్‌లో పెట్టి, కార్బురేటర్ అడుగున గాస్కెట్ చుట్టూ క్లీనర్ కొట్టాను. ఎక్కడన్నా గాలి లోపలికి దూరుతుంటే ఆ క్లీనర్ లోపలికి పోయి ఇంజిన్ స్పీడు మారాలి. మారలేదు. గొట్టాలు అన్నీ బాగున్నాయి.

అక్టోబర్ 19, ఆదివారం

వాన. రెండుసార్లు పేలింది. మధ్యలో గుర్రం ఎగిరినట్టు కుదుపులు కూడా.

ఇవాళ పాపయ్య అంకుల్ కావాలని ముందు సీట్లో కూర్చున్నాడు. దైవాశీర్వాదం అంకుల్ పెడల్ రెండుసార్లు తొక్కడం చూశాడు.

"అదేంటండీ, స్టార్ట్ చెయ్యకుండానే గ్యాస్ కొడుతున్నారు?"

"బండి చల్లగా ఉంది కదా బాబూ. అలా తొక్కితేనే..."

"ఇది ఆర్టీసీ బస్సు కాదండీ. ఊరికే పెట్రోలు పోస్తే పేలదా మరి?"

చర్చ్‌లో దిగాక, తొక్కడం వల్లే పేలుతోందా అని నన్ను అడిగాడు. నేను ఏమీ అనలేదు.

అక్టోబర్ 21

నిప్పు పడే టైము టైమింగ్ లైట్ పెట్టి చూశాను. కరెక్ట్. ఫ్లోట్ ఎత్తు కరెక్ట్. ఫిల్టర్ మార్చాను. చోక్ సరిగ్గా తెరుచుకుంటోంది. వైర్లు నేనే వేశాను, అవి చూడక్కర్లేదు.

అక్టోబర్ 23

ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒకటొకటిగా పీకి చూశాను. చచ్చిన సిలిండర్ ఉంటే దాని వైరు పీకినా తేడా రాదు. ఎనిమిదింటికి ఎనిమిదీ పీకగానే ఇంజిన్ కూలబడింది. అంటే అన్నీ పని చేస్తున్నాయి.

గ్యారేజ్‌లో నిలబెట్టి ఎంత రేజ్ చేసినా పేలదు. ర్యాంప్ మీద, మనుషులతో, పేలుతుంది. నేను నడిపితే ఖాళీ బండి, పేలదు. ఆయన నడిపితే పేలుతుంది. అదీ నిజమే కదా.

అక్టోబర్ 26, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ర్యాంప్ మీదే. తుంపర పడుతోంది. పన్నెండు మందిమి ఉన్నాం. నేను వెనక సీట్లో. పేలుడుకి ఇంజిన్ మూత ఒక పక్క ఎగిరింది. సందులోంచి నారింజ రంగు మంట నాలుకలా బయటికొచ్చి లోపలికి పోయింది. ముందు సీట్లో జెనిఫర్ ఉంది. కాళ్ళు పైకి లాక్కుని తలుపుకి అతుక్కుపోయింది.

అంకుల్ ఒక చేత్తో బండి పక్కకి తీస్తూ ఇంకో చేత్తో జెనిఫర్‌కి అడ్డం పెట్టాడు. ఆగాక చూస్తే ఎయిర్ ఫిల్టర్ ఒక పక్క నల్లగా మాడిపోయింది. ఫిల్టర్ లేకపోతే ఆ మంట ఇంకెంత దూరం వచ్చేదో.

సర్వీస్ అయ్యాక కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు, మెకానిక్ కదా. బండిలో ఏం తప్పు దొరికిందని అడిగారు. ఏమీ దొరకలేదన్నాను. అది నిజం.

"బండిలో తప్పు లేకపోతే మరి ఎక్కడుంది?" అన్నాడు పాపయ్య అంకుల్.

దైవాశీర్వాదం అంకుల్ జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుడు రాకుండా పెట్టాడు.

అక్టోబర్ 27

పంతొమ్మిదో తారీఖు నేను ఏమీ అనలేదు అని రాశాను. అన్నాను. "అలా తొక్కితే పెట్రోలు ఎక్కువై ఫ్లడ్ అవ్వచ్చు అంకుల్" అన్నాను. అవ్వచ్చు అన్నానే గానీ అవుతుందని అనలేదు.

నవంబర్ 2, ఆదివారం

వ్యాన్ గ్యారేజ్‌లోనే ఉంది. అందరూ తలా ఒకళ్ళ కార్లో వచ్చారు. స్టూడెంట్లు రాలేదు.

సాక్ష్యాల టైములో దైవాశీర్వాదం అంకుల్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవడు. పిల్లాడు పుట్టినందుకో, గ్రీన్ కార్డ్ వచ్చినందుకో లేచి దేవుడికి స్తోత్రం చెప్పే టైము అది.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. ఇరవై ఆరేళ్ళు బండి నడిపాను, ఒక్క మనిషికి గీత పడలేదు. అది నా గొప్ప అనుకున్నాను. ఇప్పుడు నా కాలు మొద్దుబారింది, నాకే తెలియలేదు. మీ పిల్లల్ని, నా మనవరాల్ని ప్రమాదంలో పెట్టాను. క్షమించండి."

కూర్చున్నాడు. జెనిఫర్ ఆయన మోకాలు మీద చెయ్యి వేసింది. పాస్టర్ గారు పాట మొదలుపెట్టారు. నేను నోరు కదిపాను.

నవంబర్ 4

పేలనిదాన్ని ఎలా వెతకాలి.

నవంబర్ 6, గురువారం. లంచ్

గ్యారేజ్‌లో టైర్ల మీద కూర్చుని రాస్తున్నాను. నజీబ్ అన్నది మళ్ళీ మొదటి నుంచి చూసుకుందాం. పైకి దగ్గితే గాలి, లేదా తప్పు టైములో నిప్పు. గాలి కాదు. టైమింగ్ కరెక్ట్. అంటే ఎనిమిదింటికీ ఒకేసారి తప్పు టైములో పడటం లేదు. ఏదో ఒక్కదానికే పడుతోంది. అదీ అప్పుడప్పుడు. బరువు లాగేటప్పుడు. తడిగా ఉన్నప్పుడు.

తడి అంటే కరెంటు.

ఈ ఇంజిన్‌లో ప్లగ్గుల్లో నిప్పు పడే వరస: 1, 8, 4, 3, 6, 5, 7, 2.

ఐదు తర్వాత ఏడు. ఐదూ ఏడూ ఒకే వైపు ఉంటాయి. పక్కపక్కనే.

ఫోటో కొన్ని పేజీల వెనకే ఉంది. పాస్టర్ గారి చిటికెన వేలు కింద తెల్ల టేపు, 5. దానికి ఆనుకుని 7. మూడు టైలు.

సాయంత్రం

చూశాను.

మూత తీసి, దుప్పటి కప్పుకుని లోపల చీకటి చేసుకుని, ఇంజిన్ నడుస్తుండగా నీళ్ళు స్ప్రే చేశాను. ఆ రెండు వైర్ల మధ్య సన్నటి నీలం గీత. వచ్చి పోయింది. వచ్చి పోయింది.

పాత వైర్లు. పైన రబ్బరు పలచబడింది. ఐదుకి వెళ్ళే కరెంటు పక్కనే ఒరుసుకుని ఉన్న ఏడులోకి దూకుతోంది. ఏడు తన వంతు రాకముందే అంటుకుంటోంది. సగంలో అంటుకున్న మంట కార్బురేటర్ లోంచి వెనక్కి కొడుతోంది. ఖాళీ బండికి అంత గట్టి నిప్పు అక్కర్లేదు కాబట్టి దూకదు. మనుషుల్ని ఎక్కించుకుని ర్యాంప్ ఎక్కితే దూకుతుంది. ఒక్కో వైరు విడిగా పీకి చూసినప్పుడు నాకు దొరకనిది అందుకే. విడిగా ఉంటే ప్రతి వైరూ పని చేస్తుంది. వాటిని కలిపి కట్టడమే తప్పు. ఏ మెకానిక్ అయినా ఈ రెండింటినీ ఎడంగా వేస్తాడు. నజీబ్‌కి చెబితే మొహం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎందుకు కట్టావు?"

"అందంగా ఉంటుందని."

"ఇంజిన్‌కి అందమా! ఎవరు చూస్తారని?"

ఎవరు చూడాలని కట్టానో నాకు తెలుసు.

నవంబర్ 8, శనివారం

టైలు అన్నీ కోసేశాను. ఐదూ ఏడూ మధ్య బెత్తెడు ఎడం పెట్టి క్లిప్పులు వేశాను. వెనక సీట్లలో ఇసక మూటలు వేసుకుని, వానలో ఆ ర్యాంప్ నాలుగుసార్లు ఎక్కాను. పెదవి విప్పలేదు బండి.

వ్యాన్ బాగుపడటమే కదా అందరికీ కావాల్సింది. ఇప్పుడు చెబితే ఎవరికి లాభం.

నవంబర్ 9, ఆదివారం

పాపయ్య అంకుల్ నడిపాడు. నేను ముందే వెళ్ళి ఇంజిన్ వేడి చేసి పెట్టాను కాబట్టి పెడల్ తొక్కకుండానే స్టార్ట్ అయింది. ర్యాంప్ ఎక్కింది. చప్పుడు లేదు. వెనకాల అందరూ చప్పట్లు కొట్టారు.

"చూశారా? నేను అప్పుడే చెప్పాను" అన్నాడు అద్దంలోంచి.

దైవాశీర్వాదం అంకుల్ చివరి సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా లేదు. "మీ కాలు మంచిది బాబూ" అన్నాడు ముందుకి వంగి, వినపడేలాగ. నిజంగానే అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపు అయినా బాగుండేది.

ఇది నేను ఆలోచించలేదు. బండి పేలుతూనే ఉండి ఉంటే ఎవరు నడిపినా పేలుతుందని తెలిసేది. నేను బాగు చేసి నోరు మూసుకున్నాను. తప్పు ఆయన కాలిదేనని రుజువైపోయింది.

దిగేటప్పుడు పాపయ్య అంకుల్ నా భుజం తట్టాడు. "మన మెకానిక్" అన్నాడు మళ్ళీ.

నవంబర్ 10

నిద్ర బాగానే పట్టింది.

నవంబర్ 11

పట్టలేదు. నిన్న కూడా.

నవంబర్ 16, ఆదివారం

సర్వీస్ అయ్యాక కోక్ మెషిన్ దగ్గర జెనిఫర్ కనిపించింది.

"తాతయ్య వియర్డ్‌గా ఉన్నాడు" అంది.

"అంటే?"

"కిచెన్‌లో ఛెయిర్ వేసుకుని, లైక్, ఎవ్రీ మార్నింగ్, చెప్పు నేల మీద పెట్టి, గ్యాస్ పెడల్ లాగ ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఇలా." కుడి కాలు చాలా మెల్లగా నేల మీద ఆనించింది. గుడ్డు మీద కాలు పెట్టినట్టు. "అమ్మ ఎందుకు అంటే, కాలుకి నేర్పిస్తున్నా అన్నాడు. నన్ను లైబ్రరీకి కూడా డ్రైవ్ చెయ్యట్లేదు. నెక్స్ట్ మండే లైసెన్స్ రిటర్న్ ఇచ్చేస్తా, ఆఫీస్‌కి తీసుకెళ్ళు అని అమ్మకి చెప్పాడు."

"ఇచ్చేస్తాడా?"

"మూడు టైమ్స్ ఫెయిల్ అయి తెచ్చుకున్నాడు, కాలేబ్."

రెండుసార్లు ఫెయిల్ అయి మూడోసారికి వచ్చింది. సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఏదో ఒకటి సరిదిద్దాలనిపించింది.

నవంబర్ 17

వచ్చే సోమవారం ఇరవై నాలుగు.

నవంబర్ 19, బుధవారం

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి కోడిగుడ్డు కూర వండింది. నర్స్ యూనిఫామ్ మార్చుకోకుండానే నా ఎదురుగా కూర్చుంది.

"ఏరా, కంచంలో బొమ్మలేస్తున్నావా? తిను."

చెప్పేశాను. టైలు, ఫోటో, ఫ్లడ్ అవ్వచ్చు అన్నది, చెప్పు మీద కాలు, అన్నీ. అమ్మ అంతా వింది. చివర్న కంచం ముందుకి జరిపింది.

"ఆదివారం సాక్ష్యంలో లేచి చెప్పు."

"నాకు అలా మాట్లాడటం రాదమ్మా. నేను నిలబడి చెప్తే, పెద్దాయన్ని కాపాడటానికి మీద వేసుకుంటున్నాడు, మంచి కుర్రాడు అంటారు. పాపయ్య అంకుల్ అయితే నమ్మడు కూడా. ఆయన కళ్ళతో చూశాడు కదా, తను నడిపితే పేలలేదని."

"మరి నీకేం వచ్చు?"

"ఇంజిన్ వచ్చు."

"అయితే దాంతోనే చెప్పించు" అని లేచి స్నానానికి వెళ్ళింది.

నవంబర్ 22, శనివారం

రెండు జేబుల్లో నల్ల టైలు పెట్టుకున్నాను. మూడు చాలు. పది పెట్టుకున్నాను. అమ్మ ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు కొట్టే సీసా కూడా.

నవంబర్ 23, ఆదివారం

సర్వీస్‌కి ముందు అందరినీ పార్కింగ్ లాట్‌కి రమ్మన్నాను. చలికి తిట్టుకుంటూ వచ్చారు. దైవాశీర్వాదం అంకుల్ రానన్నాడు. జెనిఫర్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

వ్యాన్ రెండు పక్కలా తలుపులు తెరిచి, ఇంజిన్ మూత తీశాను. ఐదో వైరూ ఏడో వైరూ క్లిప్పుల్లోంచి లాగి ఒకదానికొకటి ఆనించి టై వేశాను. రెండోది. మూడోది. వేళ్ళు మొద్దుబారాయి, మూడోది రెండుసార్లు జారింది.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు పాపయ్య అంకుల్.

"అక్టోబర్ నాలుగున ఏం చేశానో అదే చేస్తున్నా అంకుల్."

నీళ్ళు కొట్టాను. మూత పెట్టి లాక్ చేశాను. అందరినీ వెనక్కి జరగమన్నాను.

"మీరు ఎక్కండి. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని, గేర్ డ్రైవ్‌లో పెట్టి గ్యాస్ ఇవ్వండి. ర్యాంప్ ఎక్కినట్టే ఉంటుంది బండికి."

"నేనా? ఎందుకు?"

"మీ కాలు మంచిది కదా."

అలా అనకూడదు. అనేశాను. ఆయన నన్ను ఒక చూపు చూసి ఎక్కాడు. గ్యాస్ ఇచ్చాడు. బండి ముక్కు పైకి లేచింది, కుదిపింది. రెండు క్షణాలు ఏమీ లేదు. బండి పేలాలని జీవితంలో మొదటిసారి ప్రార్థన చేశాను.

పేలింది. మళ్ళీ పేలింది. పాపయ్య అంకుల్ గేర్ మార్చి, ఇంజిన్ ఆపి, ఒక్క గంతులో కింద ఉన్నాడు. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది.

వెనకనుంచి కృష్ణవేణి ఆంటీ అంది. "అయ్యో పాపయ్య గారూ, మీ కాలు కూడా మొద్దుబారిందా ఏంటి?"

ఎవరో నవ్వి ఆపుకున్నారు. నేను మూత తీసి, టైలు కోసి, వైర్లు ఎడంగా క్లిప్పుల్లో పెట్టి, మళ్ళీ నీళ్ళు కొట్టాను. ఈసారి నేనే ఎక్కి అలాగే బ్రేక్ మీద నిలబెట్టి రేజ్ చేశాను. ఎంతసేపు చేశానో తెలియదు. అమ్మ చెయ్యి ఊపింది, చాలు అని.

దిగాను. చెప్పాల్సింది మూడే మాటలు అనుకుని కంఠతా పెట్టుకొచ్చాను.

"ఆ వైర్లు కలిపి కట్టింది నేను. తప్పు తెలిసి రెండు వారాలైంది, బాగు చేసి ఎవరికీ చెప్పలేదు. పెడల్ తొక్కడం వల్ల ఫ్లడ్ అవ్వచ్చు అన్నది కూడా నేనే. అది అబద్ధమని అన్నప్పుడే నాకు తెలుసు."

నాలుగయ్యాయి.

పాపయ్య అంకుల్ మొహం ఎర్రబడింది. "పన్నెండు మందిని ఎక్కించుకుని తిరిగాం రా ఇందులో! ఆ అమ్మాయి కాళ్ళు కాలి ఉంటే?" అన్నాడు. "ఇంక ఈ ఇంజిన్ జోలికి రాకు. బయట షాప్‌కి ఇస్తాం." నేను సరే అన్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

దైవాశీర్వాదం అంకుల్ నా వైపు చూడలేదు. కోసి పడేసిన టైలు కింద ఉన్నాయి. వంగి మూడూ ఏరి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సర్వీస్‌లో ఏం ప్రసంగం చెప్పారో గుర్తు లేదు.

అయ్యాక బయటికొస్తే సన్నగా మంచు పడుతోంది. పాపయ్య అంకుల్ తాళాలు పట్టుకుని వ్యాన్ దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, చివరికి దైవాశీర్వాదం అంకుల్‌తో "అన్నా" అన్నాడు. ఎప్పుడూ గారూ అనేవాడు. "మీరే తియ్యండి."

అంకుల్ తాళాలు తీసుకున్నాడు. అందరూ ఎక్కి కూర్చున్నారు. నేను బయటే నిలబడ్డాను. ఆయన జేబురుమాలు తీసి స్టీరింగ్ తుడిచాడు. తాళం తిప్పాడు.

ఇంజిన్ తిరిగింది, తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. అందుకోలేదు. రెండున్నర గంటలు చలిలో నిలబడ్డ బండి. ఆయన కుడి కాలు పెడల్ మీద ఆనీ ఆననట్టు ఉంది. గుడ్డు మీద పెట్టినట్టు. ఆయన తాళం మీంచి చెయ్యి తీసేసి తన కాలు వైపు చూసుకున్నాడు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దం దించాడు.

"రెండుసార్లు తొక్కండి అంకుల్."

"వద్దులే అబ్బాయ్."

"ఇది కార్బురేటర్ బండి. చల్లగా ఉంటే తొక్కితేనే పెట్రోలు అందుతుంది. మీరు మొదటి రోజు నుంచి కరెక్ట్‌గానే చేశారు."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

అప్పుడు చూశాడు నా మొహంలోకి. చాలాసేపు. చీరాల నుంచి ఒంగోలు దాకా ఎంత దూరమో అంతసేపు అనిపించింది. అద్దం ఎత్తేశాడు.

రెండుసార్లు తొక్కాడు. ఒక్క క్షణం ఆగి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

నన్ను ఎక్కమని పిలవలేదు. నేనూ ఎక్కలేదు. అమ్మ కార్లో వాళ్ళ వెనకాలే వెళ్ళాం. ర్యాంప్ దగ్గర వ్యాన్ ముక్కు పైకెత్తి ఎక్కడం మొదలుపెట్టింది. నేను కిటికీ దించాను. మంచు లోపలికి కొట్టింది.

ఎక్కినంతసేపూ విన్నాను. ఏమీ వినిపించలేదు. టైర్ల చప్పుడే. పైకెళ్ళి లైన్‌లో కలిసేటప్పుడు వ్యాన్ ఎడమ ఇండికేటర్ రెండుసార్లు వెలిగి ఆగింది.

"ఎత్తరా, చలి" అంది అమ్మ.

ఇంకొంచెం సేపు అన్నాను.